మల్లూకు పక్క

ఇది ఎన్ని తరాల కిందటి మాటో చెప్పే నాకు తెలియదు, వినే మీకు అక్కర్లేదు. యెరూషలేము కొండ మీద గుడి ఉన్న రోజులవి. గుడి ముందు బలిపీఠం, బలిపీఠం మీద ఎప్పుడూ ఆరని నిప్పు. నిప్పు ఆరకూడదంటే కట్టెలు కావాలి. ఆ కట్టెలు పెట్టే గదిలో మల్లూకు అనే ఆయన పనిచేసేవాడు. ఆయన సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

మల్లూకు యాజకుల ఇంట పుట్టాడు. తాత యాజకుడు, తండ్రి యాజకుడు, అన్న పెతహయా యాజకుడు. మల్లూకుకు మాత్రం పుట్టుకతోనే ఎడమ కాలు పొట్టి. పాదం లోపలికి తిరిగి ఉండేది. ఒంట్లో లోపమున్న యాజకుడు దేవుని ముందుకు వెళ్లి సేవ చేయకూడదని అప్పటి నియమం. అలాగని వాళ్లను తోసెయ్యరు. దేవునికి పెట్టి తీసిన రొట్టెలో వాళ్లకూ వాటా ఇస్తారు. లోపలికి మాత్రం రానివ్వరు.

యాజకుల ఇంటి మగపిల్లలు పెద్దవాళ్లు కాగానే పెద్దలు పరీక్ష చేసేవాళ్లు. తల వెంట్రుకల నుంచి కాలి గోళ్ల దాకా చూసేవాళ్లు. లోపం లేనివాడికి తెల్లబట్టలు, లోపమున్నవాడికి నల్లబట్టలు. పెతహయా తెల్లబట్టలు కట్టుకుని లోపలికి వెళ్లాడు. మూడేళ్ల తర్వాత మల్లూకు నల్లబట్టలు కట్టుకుని బయటికి వచ్చాడు. వాళ్ల అమ్మ ఇద్దరికీ తెల్లబట్టే నేసి ఉంచింది. రెండో జత కూడా అన్నే కట్టుకున్నాడు.

నల్లబట్టలవాళ్లకు కట్టెల గదిలో పని. పురుగు తొలిచిన కట్టె బలిపీఠం మీదికి పోకూడదు. ఊళ్ల నుంచి జనం తెచ్చిన కట్టెల్ని ఒక్కొక్కటే చూసి, మంచిది ఒక పక్క, పుచ్చింది ఒక పక్క వెయ్యాలి. లోపమున్నవాళ్ల చేత లోపాలు ఏరిస్తున్నారని ఆ దారిన పోయేవాళ్లు కొందరు నవ్వుకునేవాళ్లు. గదిలో వాళ్లకు అది వినబడేది. తలెత్తేవాళ్లు కాదు.

మల్లూకు కట్టె చేతిలోకి తీసుకుంటాడు. తిప్పి చూస్తాడు, వేలితో తడతాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. చూస్తాడు, తడతాడు, వింటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. మొదట్లో కంటితో చూసి పుచ్చు పట్టేవాడు. పదేళ్లకు తట్టి చెప్పగలిగాడు. ఇరవయ్యేళ్లకు కళ్లు మూసుకుని చెవి ఒక్కటి ఆనిస్తే చాలు. కర్ర లోపల పురుగు కొరుకుతుంటే ఆయనకు తెలిసిపోయేది. ఎలా తెలుస్తుందని గదిలో వాళ్లు అడిగితే, ఎండుటాకు మీద చీమ నడిచినట్టు ఉంటుందని చెప్పేవాడు. వాళ్లూ చెవి ఆనించి చూసేవాళ్లు. ఏమీ వినబడేది కాదు.

అన్న పెతహయా లోపల సేవ చేసే వారాల్లో సాయంత్రం ఇంటికి రాగానే మల్లూకు మూడు మాటలు అడిగేవాడు. దీపాలు ఎలా ఉన్నాయి, ధూపం ఎలా లేచింది, బల్ల ఎలా ఉంది. రోజూ అవే మూడు. అన్నకు ఎప్పుడూ విసుగు రాలేదు.

దీపాలు ఏడూ వెలుగుతున్నాయిరా అనేవాడు పెతహయా. దీపస్తంభాన్ని బాదం కొమ్మలు పూసినట్టు చేశారనీ, మిగతా చెట్లన్నీ నిద్రలో ఉండగా బాదం ముందే మేలుకుంటుందనీ, దేవుడు మేలుకునే ఉన్నాడని దాని అర్థమనీ చెప్పేవాడు. ధూపం నిటారుగా లేచిందనేవాడు. బయట నిలబడ్డ జనం నోటితో చెప్పుకోలేనివి కూడా ఆ పొగతో పైకి పోతాయని పెద్దలు అంటారనేవాడు. ఇక బల్ల. తుమ్మకర్ర బల్ల, దాని మీద మేలిమి బంగారు రేకు. బల్ల మీద పన్నెండు రొట్టెలు, ఆ జనంలోని పన్నెండు గోత్రాలకూ ఒక్కొక్కటి. ఒక గోత్రంలో జనం ఎక్కువ, ఒక గోత్రంలో తక్కువ. రొట్టెలు మాత్రం అన్నీ ఒకే కొలత. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మల్లూకు ప్రతిసారీ తల ఊపేవాడు.

ఆ బల్ల ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. వారానికోసారి, విశ్రాంతి దినాన కొత్త రొట్టెలు పెట్టేటప్పుడు నలుగురు ఒక పక్క నుంచి పాతవి లాగుతుంటే, నలుగురు రెండో పక్క నుంచి కొత్తవి జరుపుతారు. మధ్యలో జానెడు ఎడం కూడా రానివ్వరు. మీ రొట్టె నా ముందు ఎప్పుడూ ఉంటుందని దేవుడు చెప్పిన మాటకు అది గుర్తు.

పండుగలకు ఆ బల్లను ఎత్తి బయట జనానికి చూపించేవాళ్లు. బల్ల కాళ్లకు బంగారు కడియాలు ఉంటాయి. వాటిలో మోతకర్రలు దూర్చి, రొట్టెలతో సహా ఎత్తి గుమ్మం దాకా తెచ్చి, దేవుని బల్ల మీద మీ రొట్టె ఉంది చూడండి అనేవాళ్లు. దూరపు ఊళ్ల నుంచి నడిచి వచ్చినవాళ్లు అది చూసి ఏడ్చేవాళ్లు. మల్లూకు జనం వెనక నిలబడేవాడు. మనిషి పొట్టి. ఆయనకు రొట్టెల పై అంచు కనబడేది, అంతే.

ఒక ఏడు పర్ణశాలల పండుగ దగ్గరికి వచ్చింది. ఇంకా ఆరు రోజులుంది. ఆ సాయంత్రం మల్లూకు ఎప్పటిలాగే అడిగాడు. దీపాలు బాగున్నాయి, ధూపం బాగుంది, బల్లా బాగానే ఉంది, కానీ బల్ల కింద ఈమధ్య పిండి రాలుతోంది అన్నాడు పెతహయా. రొట్టెలు చేసేవాళ్లు చేతులు దులుపుకోవడం లేదేమో, ఊడ్చినా మర్నాటికి మళ్లీ ఉంటోందన్నాడు.

మల్లూకు తింటున్నవాడు ఆగాడు. పిండి బల్ల మీద ఉందా, కింద ఉందా అని అడిగాడు. కిందేనన్నాడు అన్న. నడిమధ్యనా, కాళ్ల దగ్గరా అని అడిగాడు. పెతహయా ఆలోచించి, కాళ్ల దగ్గర అన్నాడు.

మర్నాడు ఊడ్చిన దానిలోంచి చిటికెడు తెమ్మన్నాడు మల్లూకు. లోపలిది బయటికి తేవడానికి పెతహయా జంకాడు. ఎలాగూ ఊడ్చి బయట పారబోసేదేగా అని తమ్ముడు అంటే ఒప్పుకున్నాడు. మర్నాడు ఆకులో చుట్టి తెచ్చాడు.

మల్లూకు ఆ పొడిని మూడు రకాలుగా చూశాడు. నాలుక మీద వేసుకున్నాడు, తియ్యదనం లేదు. నీళ్లలో వేశాడు, ముద్ద కాలేదు, పైన తేలింది. నిప్పు మీద చల్లాడు, రొట్టె వాసన రాలేదు, కర్ర వాసన వచ్చింది. అది పిండి కాదు, పురుగు తొలిచిన తుమ్మ. బంగారు రేకు లోపల కాళ్లు పుచ్చిపోతున్నాయి. ఐదో రోజున నలుగురు ఆ కాళ్ల కడియాల్లో కర్రలు దూర్చి బల్లను ఎత్తుతారు. జనం అందరి ముందూ పన్నెండు రొట్టెలు నేలపాలవుతాయి.

మొదట కట్టెల గది పెద్ద దగ్గరికి వెళ్లాడు. ఆయన పొడి వైపు చూడనైనా చూడలేదు. మన పని కట్టెల వరకే, లోపలి సామాను సంగతి మనకెందుకని పంపేశాడు.

తర్వాత రొట్టెలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాడు. వాళ్లు పొడి చూసి ముఖాలు చిట్లించారు. మా పిండికి వంక పెడుతున్నావా, మేం చేతులు కడుక్కోమంటావా అని తగవు పెట్టుకున్నారు. వంక పిండికి కాదని ఆయన ఎంత చెప్పినా వినలేదు.

మూడోసారి గుడి అధికారి అజరేలు దగ్గరికి వెళ్లాడు. అజరేలు కటువైన మనిషి. తను నవ్వడు, ఎవరైనా నవ్వితే ఊరుకోడు. పెతహయా కూడా తమ్ముడి వెంట వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మల్లూకు ఉన్నదంతా చెప్పాడు. అజరేలు విని, తుమ్మకు పురుగు పట్టదన్నాడు. లోపలి చేవకు పట్టదు గానీ పైనుండే తెల్లచెక్కకు పడుతుంది, చేసినవాళ్లు ఎక్కడో తెల్లచెక్క కలిపి ఉంటారని చెప్పాడు మల్లూకు.

"నువ్వు ఆ బల్లను దగ్గరగా ఎప్పుడు చూశావు?" అన్నాడు అజరేలు.

"ఎప్పుడూ చూడలేదయ్యా. పొడి చూశాను."

 అజరేలు అప్పుడు తన మాట చెప్పాడు. ఇది తప్పని తేలితే కట్టెల గదిలో నీకు పని ఉండదు. రొట్టెలో నీకు వాటా ఉండదు. లోపలిది బయటికి తెచ్చిన నీ అన్నకు తెల్లబట్టలు ఉండవు. ఇంకా ఆ మాట మీదే ఉంటావా అని అడిగాడు.

తన పని, తన తిండి అయితే మల్లూకు అప్పుడే సరేననేవాడు. కానీ ఇది అన్న బట్టల మాట. వెనక్కి తిరిగి చూశాడు. ముప్పయ్యేళ్లుగా సాయంత్రాలు తనకు లోపలి సంగతులు మోసుకొచ్చిన మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు.

"నా తమ్ముడు కర్ర విషయంలో ఇంతవరకు తప్పు చెప్పలేదు," అన్నాడు పెతహయా. "వెళ్లి చూడండయ్యా."

అజరేలు లేచాడు. చేతులూ కాళ్లూ కడుక్కుని ఒక్కడే లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక అరచెయ్యి తెరిచి చూపించాడు. బల్ల కింద రాసిన ఆ చేతికి పొడి అంటుకుని ఉంది. తప్పయిపోయిందని అనలేదు. వడ్రంగం తెలిసిన యాజకులను ముగ్గురిని పిలవమని మాత్రం అన్నాడు.

ఆ ముగ్గురూ తెల్లబట్టలవాళ్లు, పనిమంతులు. మర్నాడు లోపలికి వెళ్లారు. రేకంతా ఊడదీసి చూస్తే మళ్లీ తొడగడానికి నెలలు పడుతుంది. పండుగకు మూడు రోజులే ఉంది. ఎక్కడ పుచ్చిందో ముందే తెలిస్తే అక్కడి రేకు మాత్రం విప్పొచ్చు. మొదటివాడు తట్టి చూసి ఒక కాలే పుచ్చిందన్నాడు. రెండోవాడు తట్టి నాలుగు కాళ్లూ పోయాయన్నాడు. మూడోవాడు తట్టి, బంగారం మోగడమే తప్ప కర్ర వినబడ్డం లేదని ఒప్పేసుకున్నాడు.

అజరేలు పెద్దల్ని పిలిచి అడిగాడు. పెద్దలు పాత నియమం ఒకటి చెప్పారు. లోపల ఏదైనా పాడైతే బాగుచెయ్యడానికి లోపం లేని యాజకులే ముందు వెళ్లాలి. వాళ్ల వల్ల కాకపోతే, ఆ పని చేతనైన యాజకుడు లోపమున్నవాడైనా వెళ్లొచ్చు. ఆ పని అయ్యేదాకా ఉండొచ్చు. అయ్యాక ఒక్క అడుగు కూడా అక్కడ నిలవకూడదు.

అలా మల్లూకుకు పిలుపు వచ్చింది.

ఆయన స్నానం చేశాడు. ఇత్తడి గంగాళం దగ్గర చేతులు కడుక్కున్నాడు, కాళ్లు కడుక్కున్నాడు. నల్లబట్టలతోనే, చెప్పుల్లేని కాళ్లతో లోపలికి నడిచాడు. పొట్టి కాలు రాతి నేల మీద ఈడ్చుకుంటున్న చప్పుడు బయట ఉన్నవాళ్లందరికీ వినబడింది. లోపల ఎడమ పక్కన దీపస్తంభం, ఎదురుగా ధూపవేదిక, కుడి పక్కన బల్ల. పెతహయా ముప్పయ్యేళ్లుగా చెప్పినట్టే ఉన్నాయి. మల్లూకు తల తిప్పలేదు, బల్ల దగ్గరికే వెళ్లాడు.

నలుగురు యాజకులు నాలుగు మూలలా మోకాళ్ల మీద కూర్చుని, కాళ్ల మీద బరువు పడకుండా బల్లను అరచేతుల మీదికి ఎత్తి పట్టారు. రొట్టెలు కదలలేదు. ఆ నలుగురిలో పెతహయా ఒకడు. మల్లూకు బల్ల కిందికి పాకి వెల్లకిలా పడుకున్నాడు. తెల్లబట్టల నాలుగు జతల మధ్య ఆయన నల్లబట్ట. అందర్నీ ఊపిరి మెల్లగా తీసుకోమన్నాడు.

వినాలంటే ఆయన కళ్లు మూసుకోవాలి. మూసుకున్నాడు. మొదటి కాలికి చెవి ఆనించాడు. వేలితో తట్టాడు. విన్నాడు. రెండో కాలికి ఆనించాడు. మూడో కాలికి. నాలుగో దాని దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. బయట పొయ్యి మీద ఒక రొట్టె కాలేంత సేపు పట్టింది. అంతసేపూ ఆయన కళ్లు తెరవలేదు. మొహం మీద పొడి రాలుతుంటే దులుపుకోలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి. పొడి పడి కారాయని కొందరు చెప్తారు, కాదని కొందరు చెప్తారు.

మూడు కాళ్లు డొల్ల అని చెప్పాడు మల్లూకు. గుమ్మం వైపు రెండూ పూర్తిగా పోయాయి, గోడ వైపు ఎడమది సగం పోయింది, కుడిది చేవ, దానికి ఏమీ కాలేదు. పైచెక్క బాగుంది. ఎక్కడి దాకా విప్పాలో గోటితో గీసి చూపించాడు. ఆ తర్వాత పాకి ఇవతలికి వచ్చి, వచ్చిన దారినే నడిచి బయటికి వెళ్లిపోయాడు. పని అయ్యాక ఒక్క అడుగు నిలవకూడదు కదా. నిలవలేదు.

గీసిన చోట రేకు విప్పితే మూడు తొడుగుల్లోంచీ పొడి దొర్లింది. లోపల వేలెడు గట్టి కర్ర కూడా లేదు. బయట మల్లూకు మంచి తుమ్మ మొద్దు ఏరి ఇచ్చాడు. వడ్రంగులు తెల్లచెక్క పోయి చేవ మిగిలేదాకా చెక్కి మూడు కాళ్లు చేశారు. అవి తయారయ్యేదాకా బల్ల మనుషుల చేతుల మీదే ఉంది. నలుగురు అలిసిపోతే ఇంకో నలుగురు వచ్చి చేతులు కింద పెట్టారు. వాళ్లు అలిసిపోతే ఇంకో నలుగురు. సాయంత్రపు ధూపం వేళకు పని అయింది. బల్ల ఒక్క క్షణం కూడా ఖాళీగా లేదు.

ఆ సాయంత్రం అన్నదమ్ములు తిండికి కూర్చున్నారు. ఈసారి అన్న అడిగాడు, దీపస్తంభం చూశావా అని. తల తిప్పలేదన్నాడు తమ్ముడు. ధూపవేదిక చూశావా? లేదు. మరి రొట్టెలు?

"నేనున్నది కింద కదన్నా," అన్నాడు మల్లూకు. "కింద బంగారం పూర్తిగా తొడగలేదు. నడుమ కొంచెం కర్ర కనబడుతోంది. మన కట్టెల గది కర్రలాగే ఉంది. పైకి లేచేటప్పుడు నీ చేతులు చూశాను. వణుకుతున్నాయి, కానీ బల్ల కదల్లేదు."

 పెతహయా రొట్టె విరిచి పెద్ద ముక్క తమ్ముడి ముందు పెట్టాడు.

పండుగ వచ్చింది. కడియాల్లో కర్రలు దూర్చి నలుగురు బల్లను ఎత్తారు. గుమ్మం దాకా తెచ్చారు. ఎప్పటిలాగే జనం ఏడ్చారు. లోపల జరిగింది వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. మల్లూకు వెనకాల నిలబడి బల్ల దించిన చప్పుడు విన్నాడు. గట్టిగా, నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనాయి. ఆయన కట్టెల గదికి వెళ్లిపోయాడు.

పండుగ అయ్యాక అజరేలు మనిషిని పంపి, ఏం కావాలో అడగమన్నాడు.  మల్లూకు మూడు రోజులు ఆలోచించి చెప్పాడు. ఏడాదికి ఒకసారి, పండుగకు ముందు, కట్టెల గదివాళ్లలో ఒకరిని బల్ల కింద చెయ్యి పెట్టి చూడనివ్వమన్నాడు. తనను కాదు, ఎవరి వంతు వస్తే వాళ్లను. పెద్దలు చాలా వాదించుకున్నారు. చివరికి, అది మరమ్మతు కిందికే వస్తుందని అజరేలు పట్టుబట్టి ఒప్పించాడు.

ఆ తర్వాత ఏటా ఒక నల్లబట్టల మనిషి లోపలికి వెళ్లేవాడు. ఒక ఏడు గుడ్డివాడు, ఒక ఏడు గూనివాడు, ఒక ఏడు ఒంటిచేతివాడు. మల్లూకు వంతు ఆయన బతికుండగా మళ్లీ రాలేదు. ఆయన తన వంతు వేరేవాళ్లకు ఇచ్చేశాడని కూడా చెప్తారు. చెవులు వినబడడం మానేసేదాకా కట్టెల గదిలోనే పనిచేసి, ముసలితనంలో చనిపోయాడు. పాడె మోసినవాళ్లలో నలుగురు తెల్లబట్టలవాళ్లు, నలుగురు నల్లబట్టలవాళ్లు.

ఆ తర్వాత చాలా కాలానికి శత్రువులు వచ్చారు. గుడి తగలబెట్టారు. దీపస్తంభం పట్టుకుపోయారు, ధూపవేదిక పట్టుకుపోయారు, బల్ల పట్టుకుపోయారు. జనం నాలుగు దిక్కులకూ చెదిరిపోయారు. గుడి లేదు కాబట్టి ఇకమీదట ఎవరింటి బల్ల వాళ్లకు ఆ బల్లేనని పెద్దలు చెప్పారు. దాని మీద దేవుని పేరు చెప్పి రొట్టె విరవండి, ఆకలితో వచ్చినవాడిని కూర్చోబెట్టండి, అదే చాలన్నారు.

కట్టెల గదివాళ్ల మనవలూ మునిమనవలూ వెళ్లి స్థిరపడిన ఊళ్లు కొన్ని ఉన్నాయట. ఆ ఊళ్లలో బల్ల అడుగు భాగాన్ని ఇప్పటికీ మల్లూకు పక్క అంటారు. బల్ల కొనేవాడు పైన నునుపు చూడడు. మల్లూకు పక్క చూపించమంటాడు. ఎవరైనా మనిషి పైకి బాగుండి లోపల ఏదో దిగులు తినేస్తుంటే, వాడి మల్లూకు పక్క ఎవరైనా చూశారా అని ఒకరినొకరు అడుగుతారు.

పండుగ రోజున ఇంట్లో అందరూ బల్ల చుట్టూ చేరతారు. ఇంట్లో నడవలేనివాళ్లో, చూపు లేనివాళ్లో, మంచం పట్టినవాళ్లో ఉంటే వాళ్లను ముందుగా తెచ్చి కూర్చోబెడతారు. ఆ మనిషి బల్ల కింద చెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా రాస్తాడు. తొందరపెట్టరు. రాయడం అయ్యాక అరచెయ్యి తెరిచి చూపిస్తాడు. పెద్దవాళ్లూ పిల్లలూ అందరూ వంగి ఆ చెయ్యి చూస్తారు. అప్పుడు గానీ రొట్టె బల్ల మీదికి రాదు.